కదిలిన బొటనవేలు

ఏమండీ,

ఇవాళ మధ్యాహ్నం మన వరండాలో మీరు మళ్ళీ చచ్చిపోయారు.

మీ తర్వాత నటన క్లాసు మీ శిష్యురాలు కనకే నడుపుతోంది. బేతమంగళ నుంచి బస్సులో వస్తుంది. ఇవాళ మీ పాత సినిమా వేసింది. ఊరిగాం పిల్లలంతా చాపల మీద కూర్చున్నారు, నేను వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. మీరెప్పుడూ వేసే హీరో తండ్రి వేషమే. తెర మీద మీరు దగ్గగానే నా చెయ్యి నీళ్ళ చెంబు మీదికి పోయింది.

మీరు శవంగా పడుకున్న చోట కనక సినిమా ఆపింది.

"చూడండప్పా, సార్ కాలి బొటనేలు కదిలింది. శవం వేసేటప్పుడు ఊపిరి బిగబడితే చాలదు, కాళ్ళు కూడా సావల్ల. ఆయన తప్పును ఆయనే చూపించి మాకు పాఠం చెప్పినాడు."

పిల్లలు నవ్వారు. నేను లోపలికి వచ్చి టీకి నీళ్ళు పెట్టాను.

ఆ సినిమా మొదటిసారి చూసినప్పుడు, థియేటర్లో నా చెయ్యి పట్టుకుని మీరు చెవిలో అన్నది వాళ్ళకేం తెలుసు?

"ఏడవొద్దు మే. నువ్వు భయపడతావనే బొటనేలు కదిలించినా, చూసుకో."

నిజంగా నాకోసమే కదిలించారో, తప్పు కప్పిపుచ్చుకోవడానికి అన్నారో, నేనెప్పుడూ అడగలేదు.

మీరు పోయిన రోజు, మీ బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టడానికి మీ తమ్ముడు గుడ్డపీలిక తెచ్చాడు.

కొంచెం వదులుగా కట్టమన్నాను.