అందరికీ ‘అవ్’ అన్నాను

సెప్టెంబరు 8, సోమవారం

మా బిడ్డ నవ్యకు మూడు సీట్లు. ఒక్కటే వచ్చుంటే బాగుండేది. రోజూ బస్సులో పోయి రాగల ప్రైవేటు మెడికల్ కాలేజీ ఒకటి. ఒరిస్సాలో సర్కారు మెడికల్ కాలేజీ. ఇంకొకటి పశువుల డాక్టరు చదువు. వచ్చే సోమవారం లోపల అసలు సర్టిఫికెట్లు ఏదో ఒక్క చోటే ఇవ్వాలి. ఇచ్చామా, మిగతా రెండూ పోయినట్టే.

షాపు నిండా కాలిన మోటార్లు. పొద్దంతా చాయ్‌లు, సలహాలు. వైండింగ్ ఒక్కటీ పూర్తి కాలేదు.

9, మంగళవారం

మా ఇంటామె యాదమ్మ కంచం ముందు పెడుతూనే మొదలుపెట్టింది. “నా బిడ్డ నా కండ్ల ముందట ఉండాలె. పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొస్తది. గంతే గదా?”

అవ్ అన్నాను. అన్నం తినాలి కదా.

10, బుధవారం

యాదమ్మ తమ్ముడు శ్రీశైలం ఫోన్. ఆదిభట్ల కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అన్నీ అతనికే తెలుసు. “బావా, సర్కారు సీటు ఎవలన్న ఇడ్సిపెడ్తరా? ఒరిస్సానే ఖాయం జేద్దాం.” చేతిలో రాగి తీగ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్… అవ్ అన్నాను. పెట్టేశాడు.

11, గురువారం

జహంగీర్ అన్న మోటారు కోసం వచ్చి స్టూలు వదలడు. ఈనలేక చచ్చిన బర్రె కథ — మళ్ళీ. “మనుషుల డాక్టరు గల్లీకొకడున్నడు. గొడ్ల డాక్టరు ఏడున్నడో జర సూపియ్యి. బిడ్డను గదే చదివియ్యి.”

అవ్ అన్నాను. అనకపోతే లేవడు.

12, శుక్రవారం

కొంప మునిగింది. బిడ్డ ఇంటి నుంచే చదువుతుందని యాదమ్మ గల్లీ అంతా చెప్పింది. శ్రీశైలం రేపు రాత్రి ఒరిస్సా రైలుకు నాకూ నవ్యకూ టికెట్లు తీశాడు. జహంగీర్ అన్న ఏం చెప్పాడో, మార్కెట్లో టమాటలు అమ్మే ఆమె, “మా మేకకు కాలు వాసింది, మీ బిడ్డనడుగు” అంటోంది.

అక్కాతమ్ముళ్ళు ఫోన్లో ఒకటే కొట్లాట. ఇద్దరిదీ ఒకటే మాట — “ఆయనే అవ్ అన్నడు.”

విన్నాను అన్నట్టుగా అవ్ అన్నాను. ఒప్పుకున్నానని ఎవరు చెప్పారు? ఈ ఊళ్ళో మనిషి ఊరికే అవ్ అనడానికి కూడా లేదు.

రాత్రి — యాదమ్మ మాట్లాడటం లేదు. హాయిగా ఉండాల్సింది. లేదు.

13, శనివారం

నవ్య షాపుకు వచ్చింది. తీగచుట్టలు జరిపి బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు.

“అమ్మకు అవ్ అన్నవ్. మామకు అవ్ అన్నవ్. జహంగీర్ కాక బర్రెకు గూడ అన్నవ్. నన్నైతే అడగనే లేదు.”

తలెత్తలేదు. తీగ చుడుతూ ఉన్నాను.

“నాకు ఒరిస్సా పోవాలనుంది బాపు. గాడ దవాఖానకు మస్తు మంది వస్తరంట. చెయ్యి తిరుగుతది. కాలిన మోటార్లు ఇప్పి ఇప్పే గదా నువ్వు నేర్చుకున్నవ్?”

ఆ ఊరు ఎక్కడుందో మొన్న ఫోన్లో మ్యాపు తీసి చూశాను. వేలితో జరుపుతూనే ఉన్నాను… రాదు, రాదు. అంత దూరం.

“నువ్వు వద్దంటే పోను. గని నా మొకం జూసి చెప్పు. పోనా?”

వారమంతా అడిగినవాడికల్లా ఇచ్చిన మాట. ఇప్పుడు నోరు దాటి రాదు. వద్దు అన్నదీ రాదు.

రైలు రాత్రికే. “జర ఆగు బిడ్డా” అని ఈ పుస్తకం తీశాను. లెక్కలు రాసుకుంటున్నాననుకుని ఎదురుగా కూర్చుని ఉంది.

రాయడానికి ఇంకేమీ మిగల్లేదు.