పూర్తికాని పాట మీద ఫిర్యాదు

మయూర్ విహార్,
జనవరి, 2006.

సొసైటీ సెక్రటరీ వీరభద్రరావు గారికి నమస్కారాలు.

నా మొదటి ఫిర్యాదు ఇంగ్లీషులో రాస్తే అది సొసైటీ ఫైల్లోకి వెళ్ళింది. ఇది వెళ్ళకూడదనే, మన రెండిళ్ళకు తప్ప ఇక్కడెవరికీ రాని తెలుగులో రాస్తున్నాను.

మీ అమ్మాయి హారిక కాలేజీ పోటీ కోసం తన జట్టును వెంటేసుకుని రోజూ సాయంత్రం మా నెత్తిమీద, అంటే టెర్రస్ మీద, పాడించేది. వాయిద్యాలు లేవు. ఒకడు నోటితోనే డోలు కొట్టేవాడు, ఇంకొకడు అదేపనిగా "డుం డుం" అనేవాడు. పాట పైకి లేచే చోట ఎవరో ఒకరు శ్రుతి తప్పేవారు. "ఫిర్ సే!" అని హారిక అరిచేది. మళ్ళీ మొదటికి! నెల్లాళ్ళు భరించి ఫిర్యాదు చేశాను. మీరు కన్నకూతురని కూడా చూడకుండా టెర్రస్‌కి తాళం వేయించారు. సంతోషం.

కానీ ఆ సగం పాట నా బుర్రలోంచి పోవడం లేదండీ. ఆఫీసులో ఫైలు మీద నోటు రాస్తుంటే వస్తుంది, ఆ పైకి లేచే చోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మా ఆవిడ వంటింట్లో కూనిరాగం తీస్తూ సరిగ్గా అక్కడే ఆపుతుంది. ఒళ్ళు మండిపోతోంది.

నిన్న లిఫ్టులో సిగ్గు విడిచి హారికనే అడిగాను, ఆ తర్వాత ఏముందమ్మా అని.

"ఎండింగ్ ఇంకా కట్టనే లేదు అంకుల్. టెర్రస్ బంద్ హై నా!" అంది.

పోటీ వచ్చే వారమేనట. దయచేసి తాళం తీయించండి. నా పేరు చెప్పకండి. పోటీ అయ్యాక మళ్ళీ వేయించుకోవచ్చు, దానికి కావలసిన ఫిర్యాదు ఇంగ్లీషులో నేనే రాసిస్తాను.

ఇట్లు,
మీ పై అంతస్తువాడు