బాబాయ్ ఫ్రిజ్‌కు వేలం

బాబాయ్, నువ్వు కొన్న ఫ్రిజ్‌ను, ఈ ఎడారి దేశంలో మనముండే ఫ్లాట్ ఓనర్ తనదని రాసుకున్నాడు. ఆయనుండే ఆస్ట్రేలియాలో, అద్దె ఇంట్లో పెట్టిన చిన్న సామాను ఖరీదంతా ఆ ఏడాదే పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చట. ఆయనకు పంపాలని వాచ్‌మన్ ఫ్రిజ్ ఫొటో తీస్తుంటే నేను అడ్డం నిలబడ్డాను.

“శ్రమ మనది, రాయితీ వాడిదా?” అని అరిచాను.

“మీ బాబాయ్ ఉంటే నిన్నే ఆ ఫ్రిజ్‌లో కూర్చోబెట్టేవాడబ్బీ, చల్లబడతావని,” అన్నాడు మన గదిలోని రాయచోటి కరీం మామ.

నవ్వొచ్చింది. నువ్వు అంతపనీ చేసేవాడివే.

ఇక్కడ చనిపోయినవాళ్ల సామాను గదివాళ్లం వేలం పాడుకుని, ఆ డబ్బు ఇంటికి పంపుతాం కదా. ఫ్రిజ్ పోతే పిన్నికి పంపడానికి ఇంకేమీ ఉండదు. అందుకే మెట్ల దగ్గర గోడకు కాగితం అంటించాను:

“సబా అల్ సలేం పేటలోని మిత్రులారా! శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మా గదికి రండి. బాబాయ్ ఫ్రిజ్‌ను ఎవరూ తక్కువకు పాడొద్దు!”