నీ గిటారులో నేను కలిపిన తీగ

తమ్ముడు ప్రసాదుకు,

పుంగనూరు నుంచి అక్క సుశీల రాస్తున్నది. నువ్వు పోయి అయిదు నెలల పన్నెండు రోజులైంది. అమ్మ నా దగ్గరే ఉంది. తింటోంది, నిద్రపోతోంది, అప్పుడప్పుడు పక్కింటివాళ్ళతో మాట్లాడుతోంది. మన ఇంటి కోడలు సునీత మదనపల్లెలో మళ్ళీ స్కూలుకు పాఠాలు చెప్పడానికి వెళ్తోంది. నేను రోజూ నాన్న రిపేరు షాపు తెరుస్తున్నాను.

ఇన్నాళ్ళూ నీకు ఒక్క మాట రాయలేదు. రాయడానికి లేక కాదు... నీ మీద కోపంగా ఉండేది. పోయిన మనిషి మీద కోపమేమిటి అనుకుంటావేమో. ఉండేది ప్రసాదూ. నా పనిని తప్పు పట్టావని. ఆ కోపాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ నిలబడ్డానని ఇప్పుడు తెలుస్తోంది.

ఇప్పుడది లేదు. ఎందుకు లేదో చెప్తాను. నీకు తెలిసిన సంగతులు కూడా మళ్ళీ చెప్తాను, ఏమీ అనుకోకు. అవన్నీ నాకిప్పుడు వేరేగా కనిపిస్తున్నాయి.

ఆ రోజు మీ ఆర్కెస్ట్రా వ్యాను కుప్పంలో పెళ్ళి రిసెప్షనుకు పోతూ మన ఊళ్ళో భోజనానికి ఆగింది. అందరూ హోటలుకు పోతే నువ్వు గిటారు సంచి భుజాన వేసుకుని పరుగున షాపుకొచ్చావు. వస్తూనే బల్ల మీదున్న మిక్సీని పక్కకు జరిపావు.

"అక్కా, స్విచ్చి గరగరమంటాండాది. స్టేజి మీద మొండికేస్తే నా పరువు పోతాది. ఇంగో దాన్ని తెచ్చుకోనుండాను, బిగించిస్తావా?"

కొత్త స్విచ్చి నీ జేబులోనే ఉంది. నీ గిటారుకు తీగల మోతను పట్టి ఆంప్‌కు పంపే పికప్‌లు రెండు, మెడ దగ్గర ఒకటి, బ్రిడ్జి దగ్గర ఒకటి. హంబకర్లని వాటి పేరు నువ్వే నాకు నేర్పావు. స్విచ్చి పైకి పెడితే మెడ దగ్గరిది పలకాలి, కిందికి పెడితే బ్రిడ్జి దగ్గరిది, మధ్యలో పెడితే రెండూ కలిసి పలకాలి. నాన్న పోయాక ఈ బల్ల ముందు కూర్చుని ఎన్ని రేడియోలు, ఎన్ని ఆంప్‌లు బాగు చేశానో. ఒక స్విచ్చి నాకెంత?

వెనక మూత విప్పాను. మెడ దగ్గరి పికప్ నుంచి వచ్చే రెండు సన్నటి తీగల మీద పూత పొడిపొడిగా రాలిపోతోంది. ఒకటి సిగ్నలు తీగ, ఒకటి ఎర్తు. ఏది ఎటు పోయేదో గుర్తు పెట్టుకోవాలి కదా... పెట్టుకోలేదు. నువ్వు గడియారం చూస్తున్నావు. రెంటినీ ఒక్కసారే కత్తిరించి, కొత్త తీగలు అతికి, అంచనాగా సోల్డరు పెట్టేశాను.

షాపులో ఉన్న చిన్న ఆంప్‌కు తగిలించి చూశావు. పైన బాగుంది. కింద బాగుంది. మధ్యలో పెట్టావు, మూడు సార్లు మీటావు, తల పక్కకు వంచావు.

"మధ్యలో ఏందో తేడాగా ఉండాదక్కా."

కొత్త స్విచ్చి అంతే, వాయిస్తూ పోతే సర్దుకుంటుందన్నాను. స్విచ్చి ఎక్కడైనా సర్దుకుంటుందా? ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, ఆ మాట ఎలా అనగలిగాను... నువ్వు మాత్రం నమ్మావు. "నువ్వు చెప్తే సరే" అని మూత నువ్వే బిగించుకుని పోయావు.

మర్నాడు పొద్దున్నే కుప్పం నుంచి ఫోను చేశావు. నమస్కారం లేదు, తిన్నావా అన్నది లేదు.

"అక్కా, ఏం జేసినావు? మధ్యలో పెడితే దోమ పాడినట్టు ఉండాది. ఆర్కెస్ట్రా ఓనరు మైకులోనే నా మీద జోకేసినాడు. పెండ్లికొచ్చినోళ్ళంతా నగినారు."

అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. వాయించడం మర్చిపోయి నా పని మీద నెడుతున్నావా అన్నాను. ఇంకా ఏదో అన్నాను. తర్వాత నేనే ఫోను పెట్టేశాను.

అంతటితో ఊరుకున్నానా? అమ్మకు చెప్పాను. నలుగురిలో వాడు నా పేరు చెడగొట్టాడని ఏడ్చాను కూడా. అమ్మకు కోపం వచ్చి నీకు ఫోను చేసింది. నిన్ను పెంచింది అక్క, నాన్న లేకపోయినా షాపు నిలబెట్టి చదివించింది అక్క, దానికే తప్పు అంటగడతావా అని నిన్ను కడిగేసింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. నీ గొంతు సన్నగా బయటికి వినిపించింది. "సరేమ్మా. సరే. నాదే తప్పులేమ్మా."

ఆ తర్వాత ఇరవై మూడు రోజులు మనం మాట్లాడుకోలేదు. రోజూ ఫోను చేతిలోకి తీసుకునేదాన్ని. తనే చేస్తాడులే, చిన్నవాడు కదా అనుకునేదాన్ని. నువ్వేమనుకున్నావో...

ఇరవై నాలుగో రోజు సునీత చేసింది. జ్వరమని, మూడు రోజులుగా తగ్గలేదని, రక్తంలో కణాలు పడిపోతున్నాయని. నేనూ అమ్మా మదనపల్లె చేరేసరికి నువ్వు మనుషుల్ని గుర్తుపట్టే స్థితిలో లేవు. నీ చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది. గిటారు సంగతి ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడాను. నీకు వినిపించిందా?

ఇంతవరకూ నీకు తెలిసినదే. తర్వాతది చెప్తాను.

పోయిన వారం సునీత, మీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మునెప్ప కలిసి షాపుకొచ్చారు. మునెప్ప చేతిలో నీ గిటారు. కుప్పంలో మళ్ళీ ప్రోగ్రాముందట, అదే కల్యాణ మండపంలో. నీ జ్ఞాపకంగా ఒక పాట నీ గిటారు మీదే వాయిద్దామని వాళ్ళ కోరిక. అయిదు నెలలు బీరువా మీదే ఉండిపోయింది, ఒకసారి చూసిపెట్టమన్నారు.

నేను దాన్ని ముట్టుకోకుండా టీ తెప్పించాను. మునెప్ప టీ తాగుతూ నీ గురించి మొదలుపెట్టాడు. కుప్పం తర్వాత రెండు ప్రోగ్రాములకు ఓనరు నిన్ను పక్కన పెట్టాడని నాకు తెలియదు ప్రసాదూ. నీ బదులు రామసముద్రం ఊరి నుంచి గిటారు వాయించే ఆయన్ని పిలిపించాడట. గిటారు ఎవరికైనా చూపించమని మునెప్ప చెబితే నువ్వు ఒప్పుకోలేదట.

"మాయక్క చేసిన పనిలో తప్పుండదు మునెప్పా. నా చెయ్యే మొద్దుబారినట్టుండాది."

అలా అన్నావట. ఇంట్లో ఆంప్ కూడా తగిలించకుండా, ఉత్త తీగల మీద, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న మొదటి పాఠాలు మళ్ళీ మొదలుపెట్టావట. వేళ్ళ కొనలు పగిలి చపాతీ తుంచుకోవడానికి కూడా కష్టపడేవాడివని సునీత చెప్పింది. జ్వరం వచ్చిన మొదటి రోజు కూడా వాయించావట.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఈ ఉత్తరమే దండగ. మునెప్ప ఆ మాట చెప్పినప్పుడు ముందు నాకు తృప్తిగా అనిపించింది. చివరికి ఒప్పుకున్నాడు కదా, నా పని సరైనదే అన్నాడు కదా అని... నీ పగిలిన వేళ్ళ సంగతి వింటూ కూడా. నేను అలాంటిదాన్నా?

వాళ్ళను బజారుకు పంపి వెనక మూత విప్పాను. మరలు నువ్వు బిగించినట్టే ఉన్నాయి. ఎవరూ తెరవలేదు. నా అతుకులు మెరుస్తున్నాయి, ఒక్కటి కూడా ఊడలేదు. ఆంప్‌కు తగిలించాను. పైన బాగుంది. కింద బాగుంది. మధ్యలో పెట్టి మీటాను.

దోమ పాడినట్టు ఉంది.

నాకు గిటారు రాదు. నా చేతిలో కూడా అలాగే ఉంది. మరి నీ చేతిలో మాత్రం ఇంకెలా ఉంటుంది?

అయినా నమ్మలేదు. బీరువాలోంచి కరెంటు కొలిచే నాన్న ముల్లు మీటరు తీశాను. ముందు బ్రిడ్జి దగ్గరి పికప్‌కు తగిలించి, స్క్రూడ్రైవరు దాని మీద ఆనించి చటుక్కున పైకి లాగాను. ముల్లు కుడికి కదిలింది. తర్వాత మెడ దగ్గరిదానికి అలాగే చేశాను. ఎడమకు కదిలింది. రెంటికీ ఒకే వైపు కదలాలి. మళ్ళీ చేశాను. ఎడమకే. ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు... ఒక్కసారైనా కుడికి పోతుందేమోనని.

తీగలు తారుమారు చేశాను. ఎర్తుకు పోవలసింది స్విచ్చికి, స్విచ్చికి పోవలసింది ఎర్తుకు. ఒక్కో పికప్ విడిగా పలికినప్పుడు ఆ తప్పు బయటపడదు. రెండూ కలిసినప్పుడే ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. నిండుగా ఉండవలసిన శబ్దమంతా అక్కడే చచ్చిపోయి, ముక్కుతో పలికినట్టు సన్నగా కొంచెం మిగులుతుంది. ఇది నాకు తెలియని విద్యా? స్పీకర్లలో ఇదే తప్పు ఇతరులు చేస్తే ఎంతమందిని చీవాట్లు పెట్టాను!

నువ్వు షాపులో తల పక్కకు వంచి విన్నావు చూడు, అప్పుడే ఈ ముల్లు మీటరు తీసి ఉంటే రెండు నిమిషాల పని.

సోల్డరు కరిగించి రెండు తీగలూ విడదీశాను. ఒకసారి వేలు కాల్చుకున్నాను. ఎటుది అటు పెట్టి అతికాను. మధ్యలో పెట్టి మీటితే షాపు అద్దాలు కదిలాయి. ఎదురు బట్టల కొట్టాయన తొంగి చూశాడు. బజారు నుంచి తిరిగొచ్చిన సునీత గుమ్మంలోనే ఆగిపోయింది. నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. మునెప్ప ముందే చెప్పాను. సునీత గిటారు తీసుకుని సంచిలో పెట్టి జిప్పు వేసింది. ఆ పూట నా ఇంట్లో అన్నం తినలేదు.

మొన్న వాళ్ళతో పాటు నేనూ కుప్పం పోయాను. జనం రాకముందు స్టేజి మీద అందరూ సౌండు సరిచూసుకుంటున్నారు. ఓనరు దగ్గరికి పోయి అందరికీ వినిపించేలా చెప్పాను. ఆ రోజు తప్పు మా ప్రసాదు చేతిది కాదని, తీగలు తిరగేసి కలిపింది నేనేనని, వాడు చెబితే వినలేదని. ఆయన నన్ను చూడలేక వైర్ల వైపు చూశాడు. "నాకు తెలిసుంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని నేను కూడా పూర్తి చేయలేకపోతున్నాను ప్రసాదూ.

రామసముద్రం ఆయన నీ గిటారు మెడలో వేసుకుని, కళ్ళకద్దుకుని, స్విచ్చి మధ్యలో పెట్టి వాయించాడు. మండపమంతా నిండింది. ఆ రోజు నువ్వు వినవలసిన శబ్దం అది. సునీత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పాట అయ్యాక నా చెయ్యి పట్టుకుంది. క్షమించిందో, పడిపోకుండా పట్టుకుందో తెలియదు.

ఇక అమ్మ మిగిలింది.

చెప్పాలా వద్దా అని నిన్నంతా తిరిగాను. నీతో ఆమె చివరిగా మాట్లాడింది ఆ ఫోనులోనే. అది కూడా నా మాట నమ్మి నిన్ను తిట్టడమే. నిజం చెబితే నా గుండె బరువు తగ్గుతుంది, అది పోయి ఆమె గుండె మీద పడుతుంది. చెప్పకపోతే నా కొడుకు అక్క మీద నింద వేశాడనే అనుకుంటూ ఉంటుంది. నువ్వయితే ఏం చేసేవాడివి?

ఈ పొద్దున అమ్మ నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతోంది. ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు గింజలు తీసుకున్నాను. చెప్పేశాను. మొత్తం చెప్పాను. అమ్మ వేళ్ళు ఆగిపోయాయి. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వానికి తెలుసునా సుశీలా? తన తప్పు లేదని తెలుసుకోనే పోయినాడా?"

అదొక్కటే అడిగింది.

తెలుసమ్మా అన్నాను.

అమ్మ తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ గింజ తీసుకుని పితికింది.

అబద్ధం చెప్పాను ప్రసాదూ. నీకు తెలియదు. నేనన్నాను, అమ్మ అంది, ఓనరు అన్నాడు, నువ్వు మా అందరినీ నమ్మి నీ చెవినే నమ్మడం మానేశావు. ఆ అనుమానంతోనే పోయావు. నీకు చెప్పడానికి నా దగ్గర ఇంకే దారీ లేక ఈ కాగితం తీసుకున్నాను.

నువ్వు సరిగ్గానే విన్నావు. నీ వేళ్ళు సరిగ్గానే పడ్డాయి. తప్పు నాది.

అక్క
సుశీల