నడిమింటి దూలం

జయా,

బాగున్నావా అని అడగలేను. అందుకే ఇక్కడి సంగతులు చెబుతాను. నువ్వు వెళ్ళి అయిదో నెల నడుస్తోంది.

నేను ఇంట్లో లేను. పెరట్లో జీడిపిక్కలు పోసుకునే పాకలో ఉంటున్నాను. ఒక మంచం, ఒక కుర్చీ, వార్తలు పంపుకోవడానికి ఫోను. ఎదురుగా మన ఇల్లు. తలుపుకి తాళం, తాళానికి అడ్డంగా రేగుముళ్ళ కంప. తాళంచెవి పూండిలో మీ అన్నయ్య దగ్గర ఉంది.

నువ్వు పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు పంతులుగారు. ఆరు నెలలు ఇల్లు వదిలేయాలట. తలుపు ముట్టకూడదు, గడప దాటకూడదు, లోపల నేల తొక్కకూడదు. తొక్కితే ఆ ఇంటివాళ్ళలో ఇంకొకరికి కీడు. ఇంకొకరు అన్నప్పుడు అందరూ దివ్య వైపు చూశారు. అప్పటికి మన అమ్మాయి కడుపుతో ఉంది, అయిదో నెల.

నాకు ఇలాంటివి పట్టవని నీకు తెలుసు. ఇలాగే ఇళ్ళు ఖాళీ చేసిన కుటుంబాల మీద నేనే వార్తలు రాశాను. పలాసలో టీ కొట్టు దగ్గర తోటి విలేకరి ఒకాయన అడిగాడు... ఏటి గురూ, నీ ఇంటికే తాళమట, ఆ వార్త నువ్వు రాత్తావా, మమ్మల్ని రాసెయ్యమంటావా అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరేం చెయ్యను?

ఇల్లు పాడవుతోంది జయా. అది చెప్పడానికే ఇదంతా.

నీ కర్మల ఆఖరి రోజు స్నానాలకి చుట్టాలంతా మన బాత్రూమే వాడారు. మధ్యలో కరెంటు పోయింది, ట్యాంకు ఖాళీ అయింది. ఎవరో కొళాయి తిప్పి చూసి, నీళ్ళు రాకపోతే అలాగే వదిలేశారు. తర్వాత పంతులుగారు అందరినీ వరసగా బయటికి నడిపించారు. వెనక్కి తిరిగి చూడకూడదన్నారు. ఎవరూ చూడలేదు.

నువ్వు పలాస బజారుకి వెళ్ళేటప్పుడు కూడా వీధి మలుపు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోయేదానివి. కొళాయిలు, స్విచ్చులు తడిమి చూసుకుని వచ్చేదానివి. "బస్సు పోతే ఇంకో బస్సొత్తాది మావా. ఇల్లు పోతే ఇంకో ఇల్లొత్తాదేటి?" అనేదానివి.

మోటారు స్విచ్చు బయట ఉంది. పెరటి కొళాయి కూడా ఆ ట్యాంకు మీదే ఉంది. మర్నాటి నుంచి నేను మోటారు వేసి, ట్యాంకు నింపి పలాస వెళ్ళేవాణ్ణి. సాయంత్రానికి ట్యాంకులో చుక్క ఉండేది కాదు. ట్యాంకు బీట వారిందనుకున్నాను. నిచ్చెన వేసుకుని ఎక్కి చుట్టూ చూశాను. ఎక్కడా తడి లేదు. ఒక ఆదివారం మోటారు ఆపి పాకలో కూర్చున్నాను. అప్పుడు వినపడింది... తాళం వేసిన ఇంట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు.

"నీళ్ళు కనబడ్డ కాడ కాదు, వచ్చిన కాడ ఎతకాల" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు? వచ్చిన చోటు దొరికింది. అక్కడికి పోయే దారి లేదు.

మోటారు వేయడం మానేశాను. వీధి బోరింగు నుంచి బిందెలతో మోసుకుంటున్నాను. కానీ బాత్రూం తూముకి ఏదో గుడ్డ అడ్డం పడి ఉండాలి, నీళ్ళు అప్పటికే నడిమింట్లోకి పారాయి. బయటి గోడకి సున్నం పొక్కులు లేచి రాలిపోతోంది. తలుపులు తీసి ఎండ తగలనిస్తే ఆరేది. మూసిన ఇల్లు ఎలా ఆరుతుంది?

తర్వాత చెదలు వచ్చాయి. గోడ మీద వేలంత వెడల్పున మట్టిగీత. మొదట కిటికీ దాకా. మళ్ళీ చూసేసరికి చూరు దాకా.

ఆ చూరు కింద ఉన్నవి నీ వాసాలు. తుఫానుకి మన కొబ్బరి తోటంతా పడుకున్నప్పుడు, అందరూ కొబ్బరి మానుల్ని ఇటుక బట్టీలకి తోలేస్తుంటే, నువ్వు రంపం మిషనుని మన పెరట్లోకి పిలిపించావు. ఎగిరిపోయిన కప్పు మన చెట్లతోనే వేయించావు. కొబ్బరి మాను మెత్తన, చెద పడితే ఆగదు అని వడ్రంగి చెప్పాడు. అది పట్టకుండా చూసే పూచీ నాది అన్నావు. ప్రతి ఏడూ వానలకి ముందు జీడిపిక్కల తొక్కు నుంచి తీసిన నల్లనూనె తెప్పించేదానివి, మన తీరంలో మత్స్యకారులు పడవలకి పూసేది. దాంట్లో కాస్త కిరసనాయిలు కలిపి, స్టూలు మీద ఎక్కి, వాసం వాసానికీ పూసేదానివి. నా పని కింద నిలబడి టార్చి పట్టడం. "నా మొకం మీద కాదు మావా, వాసం మీద కొట్టు. కలం పట్టినోడికి సూపు కూడా ఆనదేటి?"

ఈ ఏడు ఆ పూత పడలేదు.

చూరు బయటికి వచ్చిన వాసాల చివర్లు కర్రతో కొట్టి చూశాను, నువ్వు కొట్టి వినేదానివి కదా, అలాగే. ముందు గదివి గట్టిగా పలికాయి. నడిమింటివి కొన్ని అట్టపెట్టెల్లా పలికాయి.

నాకు తెలిసిన పని చేశాను. పలాసలో ఒకరిని, టెక్కలిలో ఒకరిని, సోంపేటలో ఒకరిని, ముగ్గురు పంతుళ్ళని కలిశాను. ఒకాయన ఆరు నెలలూ ఉండాల్సిందే అన్నారు. ఒకాయన మూడు చాలన్నారు. మూడో ఆయన శాంతి చేయించి రేపే తలుపు తీసుకోమన్నారు. ఈ మూడు మాటలూ పట్టుకుని పూండి వెళ్ళి మీ అన్నయ్య ముందు పెట్టాను.

ఆయన జీడితోటలో పిక్కలు ఏరిస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు... ముగ్గుర్ని అడిగితే మూడు మాటలే సెప్తారు బావా, అందుకే మనం ఒకడ్నే అడిగినాం అని.

దివ్య ఆయన ఇంట్లోనే ఉంది. పురిటికి పుట్టింటికి రావాలి, ఆ పుట్టింటికి తాళం. నడిమింట్లో మంచం ఏ గోడకి వేయాలో, చంటిపిల్ల మొహం మీద గాలి కొట్టకుండా ఫ్యాను ఎక్కడికి జరపాలో నువ్వు ముందే చెప్పి పెట్టావట. నాతో చెప్పలేదు. దానితో చెప్పావు.

నేను దానికి విషయమంతా వివరించాను. కొళాయి, గోడ, చెద, వాసాలు. ఒక్క పూట తలుపు తీస్తే చాలు అన్నాను. అది అంతా విన్నది. నువ్వు నమ్మవని నాకు తెల్సు నాన్నా, నేనూ నమ్మనేమో, కానీ రేపు నాకేదన్నా అయితే తాళం తీసిన రోజే గుర్తొత్తాది నాకు, నీకూ అదే గుర్తొత్తాది అంది.

ఆధారం ఏమిటి అని అడగడం ఇన్నాళ్ళూ నా పని. అమ్మాయి ఆధారం చూపిస్తానని అనలేదు. ఏదన్నా అయితే అంది. జరగనిదానికి ఖండన ఎలా రాయాలి జయా? నువ్వయితే ఏం చెప్పేదానివి? అసలు నువ్వు వీటిని నమ్మేదానివా? ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ అడగలేదు...

తిరిగి వచ్చి పాకలో కూర్చున్నాను. పొద్దున లేస్తే ఇల్లే కనిపిస్తుంది. వార్త రాస్తుంటే ఇల్లే. అన్నం తింటుంటే ఇల్లే. తలుపుకి ముళ్ళకంప ఉంది సరే, బయట ఉన్న నాకెందుకు ఆ ఇంట్లోనే చిక్కుకుపోయినట్టు ఉంది?

చివరికి పంతులుగారు చెప్పిన మాటల్ని ఒక్కొక్కటీ మళ్ళీ చూసుకున్నాను. తలుపు అన్నారు, గడప అన్నారు, నేల అన్నారు. పైకప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పలాస నుంచి నల్లనూనె తెచ్చాను. నిచ్చెన వేసుకుని వెనక వైపు నుంచి ఎక్కి, నడిమింటి మీద బెంగుళూరు పెంకులు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చాను. ఎండ లోపలికి పడింది. పై నుంచి మన గది చూడటం అదే మొదటిసారి. నీ మంచం. దాని కాళ్ళ చుట్టూ నీళ్ళు ఎండిపోయిన మరక. దండెం మీద నీ తువ్వాలు, నల్లగా బూజు పట్టి.

దూలం మీద కూర్చుని పూత మొదలుపెట్టేసరికి కింద బండి ఆగింది. పక్కింటి వాళ్ళు ఫోను చేసినట్టున్నారు. మీ అన్నయ్య.

దిగు బావా అన్నాడు. దిగనన్నాను. నేల తొక్కినావేటి అన్నాడు. లేదన్నాను. ఇది ఇల్లు కాదేటి, కప్పు తీసి దూరితే ఇంట్లోకి దూరినట్టు కాదేటి, నీ పేపరు తెలివి నా కాడ సూపించకు అన్నాడు. ఆ కర్ర తీసుకుని చూరు కింద కొట్టి చూడు బావా అన్నాను.

కొట్టాడు. పక్కది కొట్టాడు. మళ్ళీ మొదటిది కొట్టాడు.

మా సెల్లి దగ్గరుండి కోయించిన వాసాలివి అన్నాడు. నాతో కాదు.

తర్వాత పాకలోకి వెళ్ళి మోకు తెచ్చాడు. నిచ్చెన ఎక్కి వచ్చి దాన్ని నా నడుముకి కట్టాడు. రెండో కొస తన చేతికి చుట్టుకుని పెంకుల మీద కూర్చున్నాడు. నువ్వు పడితే కాళ్ళిరుగుతాయి, అది కాదు నా బెంగ, నేల ముడతావు, అదీ నా బెంగ అన్నాడు. నవ్వు వచ్చింది. ఆయనకీ వచ్చింది, ఆపుకున్నాడు.

అలా పూశాను. నడుముకి మోకు, కాళ్ళు గాలిలో. కింద నేల, చెయ్యి చాపితే అందదు గానీ దూకితే అందుతుంది. మన ఇంట్లో నేను అలా వేలాడుతుంటానని ఎప్పుడైనా అనుకున్నావా? మధ్యలో బ్రష్షు చేతిలోంచి జారి నీ మంచం పక్కన పడింది. ఇద్దరం దాన్ని చూశాం. గుడ్డ ముంచి చేత్తోనే పూశాను. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆ రాత్రి అరచేతులు బొబ్బలెక్కాయి.

వాసాలు చాలావరకు నిలబడతాయి. చెద లోపలికి పోయినవి రెండు, వాటిని తర్వాత మార్చుకోవచ్చు. సమస్య వాటిది కాదు.

దూలం. తడిసిన గోడలో దూరిన దాని కొస పిండి అయిపోయింది. సుత్తి మొనతో నొక్కితే దిగబడింది. నూనెతో అయ్యేది కాదు. దాని కింద పోటు పెట్టాలి, ఒక సరుగుడు కర్ర నిలబెట్టి బిగించాలి. ఆ కర్ర నిలబడటానికి నేల కావాలి. మీ అన్నయ్య వైపు చూశాను. నన్నడక్కు బావా, అడిగితే వద్దనాల్సొస్తాది అన్నాడు. అడక్కపోతే అన్నాను. మోకు విప్పి చుట్ట చుట్టుకున్నాడు. ఇద్దరం పెంకులు కప్పేసి దిగాం.

అడక్కుండా పెట్టేయవచ్చు. పై నుంచి తాడు కట్టి కర్ర దింపవచ్చు, నా కాలు నేల మీద పడదు. ఒక రోజంతా ఆ లెక్క వేసుకున్నాను. మర్నాడు పూండి వెళ్ళాను. తనకి తెలియకుండా జరిగిందన్నది రేపు ఎప్పుడైనా దివ్య నోట వినాల్సి వస్తే... అది నా వల్ల కాదు.

అమ్మాయి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నెలలు నిండాయి. కాళ్ళు వాచాయి, రేపోమాపో అన్నట్టుంది. నా చేతులు చూసింది. వాసాలకి అమ్మ నూనె పూసినావా అంది. పూశానన్నాను. నేల తొక్కినావా అంది. తొక్కలేదన్నాను. కొబ్బరినూనె తెచ్చి తనే రాసింది.

దూలం సంగతి చెప్పాను. పోటు గురించి చెప్పాను. కర్ర ఎలా దింపవచ్చో కూడా చెప్పాను. ఎన్నాళ్ళు ఆగుతాది నాన్నా అని అడిగింది. తెలియదన్నాను. వాన పెద్దగా పడితే పెంకులు నీరు తాగి బరువెక్కుతాయి, రేపే దిగవచ్చు, ఏడాది ఆగవచ్చు అన్నాను. అంతకంటే నాకు తెలియదు.

చాలాసేపు రాస్తూనే ఉంది. పడినా ఆ ఇంట్లో ఎవలూ లేరు గదా నాన్నా అంది.

లేరన్నాను.

ఒక చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది.

నీ వాసాలు నువ్వు ఎలా చూసుకున్నావో నాకు తెలుసు. పోటు పెట్టమని నువ్వు అంటావా, అమ్మాయి మాట వినమని అంటావా? తెలిస్తే బాగుండేది. నేను అమ్మాయికి మాట ఇచ్చాను జయా. కర్ర దింపను. తాళం గడువు దాకా తీయను.

వానలు మొదలయ్యాయి. పొద్దున పాకలోంచి బయటికి వచ్చి, మొహం కడుక్కోకముందే, నడిమింటి మీద పెంకుల వరస చూస్తున్నాను, మధ్యలో ఎక్కడైనా వంగిందేమో అని.

ఇవాళ్టికి వంగలేదు.

నీ
మావ