చిల్లు పడ్డాక రండి

షోరూం మేనేజరు గారికి,

నిరుడు కారు అడుగు రేకుకి తుప్పు పట్టిందని చూపిస్తే, "చిల్లు పడితేనే బాడీ వారంటీ మేడమ్, అప్పుడు రండి" అన్నారు. పడింది. వెనక సీట్లో మా అమ్మాయి కాళ్ల కింద రోడ్డు కనిపిస్తోంది. ఇప్పుడేమో, "తుప్పు చూసి కూడా బాగుచేయించుకోలేదు, అశ్రద్ధకి వారంటీ ఉండదు" అంటారా? అశ్రద్ధ ఎవరిదండీ? మీరు బలవంతాన అంటగట్టిన ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంజనుకీ గేరుబాక్సుకీ మాత్రమేనట! ఇంజను నిక్షేపంలా ఉంది, జారిపడేది మా పిల్లే.

కారుని మీ అద్దాల తలుపుకి అడ్డంగా పెట్టి, ఈ ఉత్తరం వైపరు కింద ఉంచి వెళ్తున్నాను. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. తలుపు తెరుచుకోకపోవడం ఏ వారంటీ కిందికి వస్తుందో మీరే చదువుకోండి.

ఇట్లు,
మీరు ఆగమంటే ఆగిన కస్టమరు