దుప్పట్ల వెనక మగగొంతు

గాజువాక,
సోమవారం.

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో ఉన్న ఉమామహేష్ బావకి,

గాజువాక ఇంట్లోంచి నీ సత్యశ్రీ రాస్తున్నది. ఇంత దగ్గరున్న మొగుడికి ఉత్తరమేమిటని నవ్వకు. నేను మన రేడియో కథ రికార్డ్ చేసేది ఫోన్‌లోనే కదా. సరిగ్గా కథలో గంగాలమ్మ ఏడుపు అందుకునేసరికి నువ్వు ఫోన్ చేస్తున్నావు, రికార్డింగ్ అక్కడే తెగిపోతోంది. అందుకే సాయంత్రాలు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేస్తున్నాను. పగలేమో నీ ఫోన్ మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంచేస్తారు. ఇక మిగిలింది మీ కంపెనీ బస్సు నడిపే అప్పలసూరి అన్న. ఇది అతని చేతికే ఇస్తున్నాను.

ఇంటర్నెట్ రేడియో వాళ్లు మన కథకి ఈ నెలాఖరు వరకే గడువిచ్చారు. మొగుడూపెళ్లాలే చెప్పాలన్నారు. గంగాలమ్మ మొగుడు సూరన్నగా నువ్వు చెప్పి పంపిన మాటలు ఇయర్‌ఫోన్లలో వింటూ, మధ్యమధ్యలో గంగాలమ్మ మాటలు నేను చెబుతున్నాను. తీరా వింటే నూతిలోంచి మాట్లాడినట్టుంది. మేడ మీద కొత్తగా అద్దెకు దిగిన వీరేంద్ర గారికి వినిపించాను. ఆయనకి ద్వారకా నగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే షాపుంది.

"గోడలు బోడిగున్నాయమ్మా, మాట గోడకి తగిలి ఎనక్కొత్తంది. బీరువాకీ గోడకీ నడాన దుప్పట్లు కట్టి అందులో కూకోండి" అన్నారు. కూర్చున్నాను. నిజంగానే గొంతు మెత్తగా వచ్చింది. ఇంకోటి, నేను "పడవ" అన్నప్పుడల్లా టపాకాయ పేలినట్టు వస్తోంది. "పెదాలు మరీ దగ్గరకెట్టకండి. జానెడు దూరంలో, కొంచెం పక్కకి తిరిగి మాటాడండి" అన్నారు. పేలడం తగ్గింది.

వేళకి తిను.

ఇట్లు,
దుప్పట్లలో ఉడుకుతున్న నీ సత్య.

తా.క.: దుప్పట్లు చాలక, మన పెళ్లికి మా పిన్ని పెట్టిన ఎర్ర రగ్గు కూడా కట్టేశాను.


అచ్యుతాపురం,
బుధవారం.

నా భార్య సత్యశ్రీకి (ఈ ముక్క మేడ మీదికి కూడా వినబడేలా చదువుకో),

నీ ఉత్తరం చదివాను. తప్పు చదివానేమోనని మా గదిలో ఉండే సింహాద్రి చేత కూడా చదివించాను. వాడు చదివి, నా భుజం మీద చెయ్యేసి, "నీ పెళ్లాం పెదాలు ఎంత దూరంలో ఉండాలో ఆడెవుడు బావా సెప్పడానికి?" అన్నాడు. అప్పటి నుంచి అన్నం సహించడం లేదు.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. జానెడు దూరమని అతను నోటితో చెప్పాడా, జాన పెట్టి చూపించాడా?

షట్‌డౌన్ మరమ్మతులు అయ్యేదాకా సెలవు లేదన్నారు. నేనిక్కడ బాయిలర్ దగ్గర మాడుతుంటే నువ్వక్కడ ఎవడో కట్టమన్న దుప్పట్లలో ఉడుకుతున్నావు. గొంతు నూతిలోంచి వస్తే రానీ. నూతిలో పడ్డ ఆడదాని కథే అని రేడియో వాళ్లకి చెప్పుకుందాం.

ఇట్లు,
నీ భర్త ఉమామహేష్.

తా.క.: రగ్గు విప్పెయ్. మీ పిన్ని అది మనిద్దరికీ పెట్టింది, గొంతులు మెత్తబరచడానికి కాదు.


గాజువాక,
శుక్రవారం.

బావకి, నీకో దండం.

జాన నాదే. నా చెయ్యే నేను పెట్టుకున్నాను. సరేనా? ఇంక కథ సంగతి విను.

గంగాలమ్మ అరిచిన చోటల్లా మాట పగిలిపోతోంది. "రికార్డయ్యే సౌండ్ తగ్గించి తీసుకోండి. తగ్గిందాన్ని తరవాత పెంచుకోవచ్చు, పగిలిపోయింది అతకదు" అన్నారు వీరేంద్ర గారు. అదీ చేశాను. తర్వాత వెనకాల ఒకటే సుయ్‌మనే చప్పుడు. ఫ్యాన్ ఆపాను. కిటికీ మూశాను. తలుపు గడియ పెట్టాను. అయినా జుమ్మంటోంది. "సార్జింగ్ పెట్టి రికార్డ్ సేత్తన్నారేటి?" అని అడిగారు. ఛార్జర్ పీకగానే జుమ్మనడం పోయింది! చెమటతో జాకెట్టు తడిసిపోయింది గానీ ఇప్పుడు సూది పడినా వినబడుతుంది.

నా మాటలు మాత్రం మెమరీ కార్డులో వేసి అప్పలసూరి అన్నకి ఇచ్చాను. నీ మాటలు ఇంకా కలపలేదు. తీరిగ్గా విని, ఎలా ఉందో నిజం చెప్పు.

ఇట్లు,
గాలికి మొహం వాచిన సత్య.

తా.క.: ఫ్రిజ్ చప్పుడు కూడా వస్తోందని దాన్ని ఆపాను. మళ్లీ వేయడం మర్చిపోయాను. నీకు పంపుదామని దాచిన వంజరం పులుసు వీధిలో పారబోశాను. పిల్లులు నిన్ను తలుచుకున్నాయి.


అచ్యుతాపురం,
ఆదివారం.

శ్రీమతి సత్యశ్రీ గారికి,

విన్నాను. నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మీరు మాట ఆపిన ప్రతి చోటా అక్కడొక మగాడున్నాడు.

దూరంగా, సన్నగా గొణుగుతున్నాడు. చెవికి ఫోన్ నొక్కిపెట్టి విన్నాను. ఒకచోట "ఒసే" అన్నాడు. నిన్ను, సత్యా! "ఒసే" అని! నేను తప్ప ఇంకెవడికుంది ఆ గుండె? పైగా ఏం గొంతది! ముక్కులోంచి మాట్లాడుతున్నాడు, జలుబు చేసిన మేకలా. రేకుడబ్బాలో రాళ్లేసి ఊపినట్టు నవ్వుతున్నాడు. ఇలాంటివాడి కోసమా నువ్వు తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, ఫ్యాన్ కూడా ఆపుకున్నది? ఫోన్ చేస్తే ఎప్పుడూ స్విచాఫ్.

పనయ్యాక నీ గొంతు వినబడుతుందని, ఆ కార్డు కోసం స్నానం కూడా చెయ్యకుండా బస్సు దగ్గర నిలబడ్డాను. వినబడిందిది.

ఇక నేను సూరన్నని కాను. నా మాటలు తీసెయ్. ఆ ముక్కుగొంతు వాడినే సూరన్నగా పెట్టుకో. మొగుడూపెళ్లాలే కావాలన్న రేడియో వాళ్లకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
ఉమామహేష్ (భర్త అని రాయడం లేదు).

తా.క.: సింహాద్రి కూడా విన్నాడు. "ఎవుడో మనోడే బావా, యాస మనదే" అంటున్నాడు. అది మరీ మండుతోంది.


గాజువాక,
మంగళవారం.

ముక్కుగొంతు వాడికి, అనగా మా బావకి,

నీ ఉత్తరం చదివాను. నిన్న కోపంతో ఆ రికార్డింగ్ పట్టుకుని నేరుగా ద్వారకా నగర్ షాపుకి వెళ్లాను. వీరేంద్ర గారి పక్క కుర్చీలో ఆయన భార్య రోజారమణి గారు ఎడిటింగ్ చేస్తున్నారు. నా మాటలు ఆగిన చోట్లన్నీ సౌండ్ పెంచారు. గొణుగుడు మెల్లగా మాటయింది. షాపంతా మోగింది.

"ఒసే గంగాలూ, తలుపు తియ్యే, తడిసిపోనాను!"

రోజారమణి గారు కుర్చీలోంచి పడబోయారు. ఆ జలుబు చేసిన మేక నువ్వే బావా! కిటికీ మూయకముందు కంటైనర్ లారీల మోతలో నీ మాటలు వినబడక పూర్తిగా పెంచిన వాల్యూమ్ అలాగే ఉంచేశాను. చెమటకి ఒక ఇయర్‌ఫోన్ జారి మెడ దగ్గర వేలాడింది. దాంట్లోంచి నువ్వు కూసిందంతా నా రికార్డింగ్‌లోకి దూరింది. "రెండూ చెవుల్లో గట్టిగా పెట్టుకుని, వాల్యూమ్ తగ్గించి మళ్లీ చెప్పండి" అన్నారావిడ. రాత్రి ఇంటికొచ్చి అలాగే చెప్పాను. నీ మాటలు తీసెయ్యలేదు. కథ పంపేశాను, రేడియో వాళ్లు తీసుకున్నారు. సూరన్న గొంతు వాళ్లకి తెగ నచ్చిందట. నాకూ నచ్చుతుంది. నీకు తప్ప అందరికీ నచ్చుతుంది.

నవ్వు ఆగాక మాత్రం ఏడుపొచ్చింది. ఎవడో తెలియని వాడికి నన్ను అంటగట్టావు, ఆ తెలియనివాడు నువ్వే అయ్యావు.

సరే, క్షమించేశాను. నిన్న షాపులోనే క్షమించి ఇంటికి వచ్చేద్దామని లేచాను కూడా. అప్పుడు రోజారమణి గారు, "ఉండండి, ఆయన మాటల ఎనకాల కూడా ఏదో ఉంది" అని నువ్వు పంపిన ఫైల్లో సౌండ్ పెంచారు.

"సల్లారిపోతంది, తొరగా రావయ్యా మహేషూ!"

ఆడగొంతు. తేనె పోసినట్టు. మహేషూ అట! పెళ్లయినప్పటి నుంచి నేనొక్కసారి మహేషూ అన్నానా?

ఇట్లు,
నీ భార్య (ఇది మీ మెస్సంతా వినబడేలా చదువుకో) సత్యశ్రీ.

తా.క.: ఆవిడ మీ మెస్సు నడిపే కాసులమ్మ గారని, అరవై దాటాయని, మనవరాలి పెళ్లి కూడా చేసిందని అప్పలసూరి అన్న ఒట్టేసి చెబుతున్నాడు. కావచ్చు. గొంతుకి మాత్రం పాతికే. అందుకే ఈ ఉత్తరం అతని చేతికివ్వడం లేదు. అతని వెనక సీట్లో కూర్చుని నేనే తెస్తున్నాను.